చాలు, చాలూ

ఇప్పుడు మీకొక మహాకావ్యం వినిపించబోతున్నాను. ఇందులో నెత్తురు ఉంది, మృత్యువు ఉంది, భర్త ప్రాణం కోసం పోరాడిన ఇల్లాలు ఉంది, భూమికీ ఆకాశానికీ మధ్య వేలాడుతూ దేవుణ్ణి నిలదీసిన యువకుడు ఉన్నాడు.

అంతా నిజమే గాని కొలతల దగ్గర కొంచెం తేడా ఉంది. మేము వేలాడింది ఘాజియాబాద్‌లో ఒక నర్సింగ్ హోమ్ మొదటి అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య, లిఫ్టులో. నెత్తురు రెండు ప్లాస్టిక్ సంచుల్లో ఉంది. ఆ సంచులు ఎర్రటి ఐసు డబ్బాలో ఉన్నాయి. దేవుణ్ణి నిలదీసిన యువకుడు ఆ ఉదయమే తనూ ఒక సంచెడు రక్తం ఇచ్చి వచ్చాడు కాబట్టి మోకాళ్ళు నిలబడ్డం లేదు. అందుకని కూర్చునే నిలదీశాడు.

కావ్యం కాదు. తొంభైల్లో ఒక జూన్ మధ్యాహ్నం కరెంటు పోయింది. అంతే.

అప్పుడు నాకు ఇరవైమూడేళ్ళు. ముఖర్జీ నగర్‌లో మేడ మీద ఒక గదిలో ఉంటూ సివిల్స్‌కి చదువుతున్నాను, అంటే ఇంటికి ఫోన్ చేసినప్పుడు అలా చెప్పేవాణ్ణి. ఆప్షనల్ ఫిలాసఫీ. ఎందుకు తీసుకున్నావని ఎవరైనా అడిగితే సత్యాన్వేషణ అనేవాణ్ణి. సిలబస్ చిన్నది. అందులో ఒక పాఠం ఉండేది: దేవుడు సర్వశక్తిమంతుడూ దయామయుడూ అయినప్పుడు లోకంలో ఇంత బాధ ఎందుకుంది? దీని మీద నా దగ్గర నాలుగు పేజీల నోట్సు ఉండేది. ఇటు కొంత, అటు కొంత, చివర సమన్వయం. ముఖ్యమైన బాధల కింద ఎర్ర ఇంకుతో గీతలు. మనుషుల కష్టాలన్నీ ఆ నాలుగు పేజీల్లో సరిపోయాయని అప్పట్లో నా నమ్మకం.

అంకుల్ నాకు చుట్టం కాదు. శ్రీకాకుళం వైపు మనిషి, సైన్యంలో హవల్దారు క్లర్కు, కంటోన్మెంట్ క్వార్టర్లో భార్యతో ఉండేవాడు. అశోకా రోడ్డులో మన భోజనం దొరికే చోట లైన్లో ముందు ఆయన, వెనక నేను. "మనదాకా వచ్చేసరికి పప్పు అయిపోతుందేమో" అని నేను తెలుగులో గొణుక్కుంటే ఆయన వెనక్కి తిరిగి, "అవదు బాబూ. అయితే యుద్ధమే" అన్నాడు. మరుసటి ఆదివారం నుంచి నా భోజనం వాళ్ళింట్లోనే.

వాళ్ళావిడ నాకు ఆంటీ. ఢిల్లీలో మన కంటే పదేళ్ళు పెద్దయిన ఆడవాళ్ళందరూ ఆంటీలే, అక్కలూ వదినలూ పిన్నులూ రైలు దిగేటప్పుడు స్టేషన్లోనే ఉండిపోతారు. ఏడేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నా ఆంటీ హిందీ మొత్తం అచ్ఛా, ఠీక్ హై, భయ్యా, దీదీ, కిత్నా అనే అయిదు మాటల మీద నడిచేది. ఆ అయిదింటితోనే కూరగాయల బండివాణ్ణి కన్నీళ్ళు పెట్టించేది. ఆరో మాట అవసరం ఆవిడకి ఎప్పుడూ రాలేదు.

లిఫ్టులో ఇరుక్కున్నదానికి ముందురోజు అంకుల్ రిటైరయ్యాక ఇల్లు కట్టుకుందామని ఘాజియాబాద్‌లో ఒక స్థలం చూడ్డానికి స్కూటర్ మీద వెళ్ళాడు. ఇటుకల ట్రాక్టరు ట్రాలీ ఒకటి వెనక్కి వస్తూ వెనక్కి చూసుకోలేదు. తొడ ఎముక విరిగింది. దారినపోయేవాళ్ళు దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. మిలిటరీ ఆసుపత్రికి తీసుకుపోతామంటే, లోపల చాలా రక్తం పోయింది, ఇప్పుడు కదిలిస్తే నా పూచీ లేదన్నాడు డాక్టరు. ఎముకల సర్జన్ మర్నాడు ఢిల్లీ నుంచి వస్తాడు. రెండింటికి మళ్ళీ వెళ్ళిపోతాడు. రెండు సంచుల రక్తం కళ్ళతో చూస్తే తప్ప ఆయన కత్తి పట్టుకోడు. ఆ రోజు దాటితే కాలు సంగతి కాదు, మనిషి సంగతే చెప్పలేమన్నారు.

ఆ రాత్రి నర్సింగ్ హోమ్ వరండాలో బెంచీ మీద ఆంటీ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"దేవుడే కాపాడేడు బాబూ. ఇంకొక్క జానెడు పక్కకయితే తల మీదికే వొచ్చీసును."

"మరి ట్రాలీని ఎవరు పంపించారాంటీ?"

అది అడగాల్సిన సమయం కాదని నాకు తెలుసు. కానీ నోట్సులో రెండో పేజీ మొదటి పాయింటు అదే.

"ట్రాలీకి డ్రైవరున్నాడు కదేటి."

"అంటే గుద్దితే డ్రైవరు, తప్పిపోతే దేవుడు."

"మరే. నువ్వు పరీక్ష పాసయితే నీ తెలివి, తప్పితే పేపరు దిద్దినవోడి దోషం. అలాగే."

ఈ జవాబు నా నోట్సులో లేదు.

మర్నాడు ఉదయం అంకుల్‌కి సరిపడే రక్తం ఢిల్లీలో ఒక బ్లడ్ బ్యాంకులో దొరికింది. బదులుగా నా రక్తం తీసుకున్నారు. తీసినాయన నాకొక బిస్కెట్టు పొట్లం ఇచ్చి, ఆంటీ చేతికి ఐసు డబ్బా ఇచ్చి, సంచులు ఐసులోంచి బయటికి తీయొద్దని మూడుసార్లు చెప్పాడు. నాలుగోసారి నాకు నేనే చెప్పుకున్నాను. జీవితంలో నాకు ఎవరైనా బాధ్యత అప్పగించడం అదే మొదలు. ఆటోలో దారిపొడుగునా డబ్బా మూత మీద చెయ్యి తీయలేదు.

నర్సింగ్ హోమ్ చేరేసరికి పన్నెండూ ముప్పావు. ఆపరేషన్ గది మూడో అంతస్తులో.

"మెట్లెక్కీద్దాం బాబూ" అంది ఆంటీ.

"కళ్ళు తిరుగుతున్నాయాంటీ. లిఫ్టు ఉంది కదా."

ఈ మాట అన్నది నేనే. దీని మీద ఇప్పటిదాకా ఏ దేవుడూ హక్కు కోరలేదు.

అది మడత గ్రిల్లు తలుపున్న పాతకాలపు లిఫ్టు. లిఫ్టు మనిషి బయట స్టూలు మీద లేడు, తువ్వాలు మాత్రం ఉంది. మేమే గ్రిల్లు లాగి మూడు నొక్కాం. మొదటి అంతస్తు దాటాక లిఫ్టు ఒకసారి దగ్గింది. లైటు పోయింది, ఫ్యాను పోయింది, మేము ఉండిపోయాం.

కింద ఎక్కడో జనరేటరు మొదలైన చప్పుడు.

"జనరేటరొచ్చీసింది!" అని ఆంటీ చేతులు జోడించింది.

వచ్చింది. ఆపరేషన్ గదికి వచ్చింది. లిఫ్టుకి దాంతో సంబంధం లేదు.

గ్రిల్లులోంచి చూస్తే ఎదురుగా సిమెంటు గోడ. గోడ మీద ఎప్పుడో తడారకముందు పడిన ఎవరిదో బొటనవేలి ముద్ర. పైన మాత్రం మూరెడు వెలుతురు. అది రెండో అంతస్తు నేల, దాని మీద ఆ అంతస్తు గ్రిల్లు. ఆ అంతస్తుకి రంగులు వేస్తున్నారు. టర్పెంటైన్ వాసన తప్ప మనిషి అలికిడి లేదు. "భయ్యా! భయ్యా!" అని ఇద్దరం అరిచాం. ఢిల్లీలో భయ్యా అంటే వందమంది తిరిగి చూస్తారు, ఆ రోజు ఒక్కడూ లేడు.

నేను కింద కూలబడ్డాను. ఆంటీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. రేకు గోడలు వీపుకి తగిలితే కాలుతున్నాయి. నలుగురు పట్టే లిఫ్టని బయట రాసి ఉంది. ఏ నలుగురిని చూసి రాశారో.

"ఎందుకిలా చేస్తన్నావు తండ్రీ?" అని ఆంటీ పైకి చూసింది. పైన ఆగిపోయిన ఫ్యాను ఉంది.

"ఇది రోజూ పోయే కరెంటే ఆంటీ."

"రోజూ పోయే కరెంటు మనం ఎక్కినప్పుడే పోవాలేటి?"

"మన ముందు ఇరుక్కున్నవాళ్ళు కూడా ఇదే అడిగుంటారు."

"నీకు నోరు మూసుకోడం రాదేటి బాబూ?"

"చిన్నప్పట్నించీ ప్రయత్నిస్తున్నానాంటీ."

నిజంగానే రాదు. నాకు భయం వేస్తే నోరు నడుస్తుంది. నోట్సులో మొదటి పేజీ నుంచి అందుకున్నాను. దేవుడికి ఇది తెలిసి ఆపకపోతే దయ లేనట్టు, ఆపాలని ఉండి ఆపలేకపోతే శక్తి లేనట్టు, తెలియనే తెలియకపోతే...

"ప్రిలిమ్సు ముందు మా క్వార్టర్ల గుళ్ళో కొబ్బరికాయ కొట్టింది ఎవలు?" అంది ఆంటీ.

"అది కొబ్బరి కోసం ఆంటీ."

"కుళ్ళిపోయింది కదా."

"అక్కడే నమ్మకం పోయింది."

ఆవిడ డబ్బా మూత మీద గడ్డం ఆనించి నన్ను చూసింది. తర్వాత మెల్లిగా అంది: "బాబూ, నాకు జవాబక్కర్లేదు. జవాబు నీ పరీక్షకి రాసుకో. నాకు మాటాడ్డానికి ఒకలు కావాల. ఆయన పైన పడున్నాడు. మావోళ్ళకి టెలిగ్రాం ఇంకా అందిందో లేదో. ఈ ఊళ్ళో నా మాట తెలిసినోడివి నువ్వొక్కడివి, నువ్వేమో ఇలాగ. ఇంక నాను ఎవల్తో మాటాడమంటావు?"

నాలుగు పేజీల్లో ఎక్కడా దేవుణ్ణి ఈ ఉద్యోగంలో పెట్టినట్టు లేదు. నేను తల మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాను. కళ్ళు తిరగడం వల్ల అని చెప్పుకోవచ్చు.

ఆంటీ కళ్ళు మూసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ముందు సణుగుడు, తర్వాత మాట, తర్వాత గొంతు లేచింది. పెళ్ళయిన దగ్గర్నుంచి పడ్డవన్నీ వరసగా చెప్పుకుపోతోంది. బార్డరు పోస్టింగులు, పోయిన బిడ్డ, రెండుసార్లు మునిగిన ఇల్లు, ఇప్పుడీ కాలు. సరిగ్గా అప్పుడే పైనెక్కడి నుంచో, మేడ మీద లిఫ్టు మోటారుండే గది దగ్గర్నుంచి కాబోలు, ఒక ముసలి మగగొంతు బావిలోకి అరిచినట్టు అరిచింది:

"చాలూ హో గయీ క్యా?"

"చాలు!" అంది ఆంటీ, కళ్ళు తెరవకుండానే. "చాలు తండ్రీ, చాలు! చాలు!"

"అచ్ఛా! ఠీక్ హై!" అంది గొంతు.

ఆంటీ కళ్ళు తెరిచింది. ఆ రెండు మాటలూ ఆవిడకి తెలిసినవే. "ఠీక్ హై అన్నాడు బాబూ! విన్నావేటి? వొచ్చీస్తన్నాడు!"

నేనూ తలెత్తి నవ్వాను. సంచెడు రక్తం తక్కువున్న బుర్ర, పైగా పుట్టుకతో తెలుగు చెవి. పైన చెప్పుల చప్పుడు టపటపా మెట్లు దిగుతూ వెళ్ళింది. మా అంతస్తు దాటింది. ఇంకా కిందికి వెళ్ళింది. తర్వాత వినపడలేదు.

అయిదు నిమిషాలు ఎదురుచూశాం. అప్పుడు నాకు వెలిగింది. ఆ లిఫ్టులో వెలిగింది అదొక్కటే.

"ఆంటీ, హిందీలో చాలూ అంటే నడుస్తోందని అర్థం. అతను పైన ఏదో మీట తిప్పి, లిఫ్టు నడుస్తోందా అని అడిగాడు. మీరు నడుస్తోంది తండ్రీ, నడుస్తోంది అని చెప్పారు. నాలుగుసార్లు చెప్పారు."

"నాను దేవుడితో అన్నాను."

"దేవుడి సంగతి తెలీదు గాని లిఫ్టువాడు విన్నాడు. చాలన్నారు కదా, మానేశాడు."

మంచి జోకని అనుకున్నాను. ఇప్పటికీ బాగుందనే అనుకుంటాను. కానీ ఆంటీ మొహం చూడకుండా ఉంటే ఇంకా బాగుండేది.

"అయితే నానే పంపీసేనన్నమాట," అంది. "వొచ్చినోణ్ణి నా నోటితోటి నానే పంపీసేను. ఆయన పేణం..."

"లిఫ్టు ఎక్కుదామన్నది నేనాంటీ."

"అరిసింది నాను."

"మెట్లెక్కుదామన్నది కూడా మీరే. నేనే ఎక్కనివ్వలేదు."

కాసేపు అలా ఇద్దరం తప్పు ఇటూ అటూ లాక్కున్నాం. ఆ లాగులాటలో దేవుడి వాటాకి ఒక్క నేరం కూడా మిగల్లేదు. నా వాచీలో ఒకటీ పది.

ఆంటీ డబ్బా మూత తీసింది.

"ఏం చేస్తున్నారు?"

"ఆ పై సందులోంచి డబ్బా పట్టదు. సంచులు పడతాయి."

"ఐసులోంచి తీయొద్దన్నాడాంటీ! మూడుసార్లు చెప్పాడు!"

"ఐసెక్కడుంది, సూడు."

చూశాను. నీళ్ళు, నీళ్ళలో గోళీకాయలంత ముక్కలు నాలుగయిదు. అయినా నేను ఒప్పుకోలేదు. దేవుడి మాట మీద ఎన్ని ప్రశ్నలైనా వేసినవాణ్ణి, బ్లడ్ బ్యాంకు ఆయన మాట మీద ఒక్కటీ వేయలేకపోయాను.

"బయట పెడితే పాడైపోతాయాంటీ."

"ఇందులో ఉంటే ఆయనకి ఎక్కుతాయేటి?"

రెండు సంచులూ తీసి, కొంగుతో తుడిచి, బిడ్డని పెట్టుకున్నట్టు గుండెల మీద పెట్టుకుని పైన కొంగు కప్పింది. చల్లదనానికి ఒకసారి వణికింది. తర్వాత నావైపు చూసి, "నడవట్లేదు అని హిందీలో ఏటంటారో చెప్పు" అంది.

అలా ఏడేళ్ళ తర్వాత ఆంటీ ఆరో మాట నేర్చుకుంది. "బంద్ హై" అని నేను చెప్పాను. "బంద్ హై!" అని ఆవిడ మొదలుపెట్టింది. నేను అలిసిపోతే ఆవిడ, ఆవిడ అలిసిపోతే నేను. మధ్యలో అలవాటు కొద్దీ "బంద్ హై తండ్రీ!" అని కూడా వచ్చేసింది. సవరించలేదు. ఎవరికి చేరాలో వాళ్ళకి చేరుతుందిలే అనుకున్నాను.

ఇరవై నిమిషాలు అరిచాక పైన వెలుతురులో రెండు తడి పాదాలు, ఒక బకెట్టు అడుగు, ఒక నేల తుడిచే గుడ్డ కనిపించాయి.

"కౌన్ హై రే?"

నేల తుడిచే ఆయా. ఆంటీ ఖాళీ ఐసు డబ్బా బోర్లించి దాని మీదికి ఎక్కింది. నేను కూర్చునే ఆవిడ కాళ్ళు పట్టుకున్నాను, పడిపోకుండా. గ్రిల్లు కమ్మీల మధ్య నుంచి ఒక సంచి, తర్వాత ఇంకో సంచి పైకి జారాయి. "దీదీ! ఆపరేషన్, దీదీ! దీదీ!" అంది ఆంటీ. మిగతాదంతా నేను కింద నుంచి హిందీలో అరిచాను. ఆయా బకెట్టు అక్కడే వదిలేసింది. తడి పాదాలు పరిగెత్తితే ఎంత చప్పుడవుతుందో అప్పుడు విన్నాను.

ఆ తర్వాత మా దగ్గర ఏమీ మిగల్లేదు.

అంతసేపూ ఉక్కగా ఉంది గాని ఇరుకుగా లేదు, చేతిలో ఒక పని ఉంది కాబట్టి. ఇప్పుడు సంచులు చేరాయో లేదో తెలీదు. ఆయా సరైన గదికే వెళ్ళిందో లేదో తెలీదు. మా తల మీద ఒకటిన్నర అంతస్తు దూరంలో ఏదో జరుగుతోంది, లేదా జరగడం లేదు. రెండింటికీ చప్పుడు ఒకటే, జనరేటరుది. ఎదురుగా గోడ మీది బొటనవేలి ముద్రని అంత శ్రద్ధగా నేను ఏ పుస్తకాన్నీ చూడలేదు.

ఆంటీ డబ్బా మీద కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. పెదవులు కదలడం లేదు.

"మొక్కుకోరా ఆంటీ?"

"వొద్దు బాబూ. ఇప్పుడేటన్నా ఎవుడికి ఏటి వినిపిస్తాదో."

రెండూ పదికి కరెంటు వచ్చింది. మేము నొక్కింది మూడు. లిఫ్టు కిందికి దిగింది. గ్రిల్లు తీస్తే స్టూలు మీద లిఫ్టు మనిషి తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. మమ్మల్ని చూసి, తనే బాగుచేసినట్టు గర్వంగా, "చాలూ హై నా?" అన్నాడు. ఆంటీ ఆయన్ని చూసిన చూపుకి హిందీ అక్కర్లేదు. మెట్లెక్కాం. కళ్ళు తిరుగుతున్నా ఎక్కాను. ఎక్కితే ఎక్కగలిగేవాణ్ణేనని ఆ రోజు తెలిసింది.

మూడో అంతస్తులో ఆపరేషన్ గది మీద ఎర్ర బల్బు వెలుగుతోంది. సర్జన్ వెళ్ళలేదు. రెండు సంచులూ కళ్ళతో చూశాడట, ఒకటీ ముప్పావుకి లోపలికి వెళ్ళాడట. ఆంటీ అక్కడే గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

మర్నాడు అంకుల్‌కి తెలివొచ్చింది. మొదటి మాట, "స్కూటరెలా ఉంది?" రెండో మాట, "దేవుడి దయ."

"దేవుడి దయేలెండి," అంది ఆంటీ, కమలాపండు తొన వొలిచి ఆయన నోట్లో పెడుతూ. "నేల తుడిచే ఆవిడొకర్తి ఉంది. ఆవిడికి చీర పెట్టాల."

నేను మాత్రం తేల్చుకోలేకపోయాను. అంకుల్ లెక్కలో అంతా దేవుడు. ఆంటీ లెక్కలో దేవుడూ ఆయా కలిసి చేశారు. నా లెక్కలో, లిఫ్టు ఎక్కుదామన్నవాడి వల్ల ఒక మనిషి ముప్పావుగంట ఎక్కువసేపు చావు పక్కన పడుకున్నాడు. మూడు రాత్రులు నిద్రపోకుండా ఆ పాఠం మళ్ళీ చదివాను. ఎర్ర గీతలన్నీ తప్పుచోట గీసినట్టు కనిపించాయి.

అంకుల్‌ని మిలిటరీ ఆసుపత్రికి మార్చే రోజు, ఆపరేషన్ గది సిస్టరు బల్ల దగ్గర థర్మామీటర్లు తుడుచుకుంటూ ఉంటే వెళ్ళి నిలబడ్డాను. మలయాళీ ఆవిడ, హిందీ నాకంటే మెల్లిగా మాట్లాడుతుంది. ఆ రోజు మేము లిఫ్టులో ఇరుక్కోకుండా రక్తం నేరుగా తెచ్చి ఉంటే అంకుల్‌కి ఇంకా ముందే ఎక్కించేవారు కదా అని అడిగాను.

ఆవిడ తలెత్తలేదు. సంచులు చేతికొచ్చేసరికి వెచ్చగానే ఉన్నాయి, వెంటనే ఎక్కించేశామంది. ఐసులోంచి తీసిన రక్తం అలాగే ఎక్కిస్తే రోగికి చలి పుడుతుందట. మామూలుగా అయితే ముందు అరగంటసేపు బల్ల మీద పెట్టి ఉంచుతారట.